బైక్ ర్యాలీకి దూరప్రయాణం: తేదీ నుంచి వెనక్కి లెక్కవేసుకునే పద్ధతి

ర్యాలీ అనగానే జెండాలు కట్టుకుని ఊరేగే బళ్ల వరుస గుర్తుకు రావచ్చు గానీ, ఇక్కడ చెప్పబోయేది ఎక్కడెక్కడి రైడర్లో ఒకచోటికి చేరి కొన్ని రోజులు గడిపే సమ్మేళనం గురించి. అమెరికాలో 1937లో డేటోనా బీచ్‌లోనూ, 1938లో స్టర్జిస్ అనే చిన్న పట్టణంలోనూ మొదలైనవి ఈ కోవకు చెందినవే. అలాంటి చోటికి వెయ్యి, రెండు వేల కిలోమీటర్లు బండి మీద వెళ్లడానికీ మామూలు విహారయాత్రకూ ముఖ్యమైన తేడా ఒకటుంది. విహారయాత్రలో వాన పట్టుకుంటే ఆగిపోవచ్చు, ఒంట్లో నలతగా ఉంటే ఇంకో రోజు ఉండిపోవచ్చు. ర్యాలీ తేదీ మాత్రం ఎవరి కోసమూ ఆగదు. ఆ తేదీని అందుకోవాలన్న ఆత్రంలోనే రైడర్లు రాత్రిళ్లు నడుపుతారు, నిద్ర తగ్గించుకుంటారు, అరిగిన టైరును ఈ ఒక్కసారికి సరిపెట్టుకుందామనుకుంటారు. అందుకే నేను ప్రణాళిక మొత్తాన్నీ ఒకే నియమానికి కట్టి ఉంచుతాను: సమయం చాలకపోతే రోజులు పెంచాలి, లేదా దూరం తగ్గించుకోవాలి, వేగాన్నీ నడిపే గంటలనూ మాత్రం పెంచకూడదు.

రోజుల లెక్క

లెక్క ఇంటి దగ్గర మొదలుపెట్టకండి. ర్యాలీ ప్రారంభానికి ముందురోజు మధ్యాహ్నానికి అక్కడ ఉండాలని పెట్టుకుని, అక్కడి నుంచి వెనక్కి రండి. ఫోనులోని మ్యాపు చూపించే ప్రయాణ సమయంలో పెట్రోలు కోసం ఆగడం, నడుం సాగదీసుకోవడం, వాన కోటు తొడుక్కోవడం, తాళ్లు బిగించుకోవడం ఉండవు. మీటరు మీద ముల్లు ఎనభై దగ్గర నిలకడగా ఉన్న రోజున కూడా, బయలుదేరిన క్షణం నుంచి బస చేరిన క్షణం దాకా లెక్కిస్తే సగటు గంటకు యాభై కిలోమీటర్లు దాటడం కష్టం. అంటే పొద్దున ఆరున్నరకు బయలుదేరి మధ్యాహ్నం రెండున్నరకు ఆగితే దాదాపు నాలుగు వందల కిలోమీటర్లు. ఈ అంకెను నా మాట మీద తీసుకోవద్దు. ప్రయాణానికి నెల ముందు, తీసుకెళ్లబోయే సామానంతా కట్టుకుని రెండు రోజులు వరుసగా నడిపి, మీ సగటు మీరే రాసుకోండి. ఒక్కరోజు సరిపోదు. మొదటిరోజు ఎవరైనా బాగానే నడుపుతారు. మణికట్టు నొప్పి, సీటు మీద ఇబ్బంది, మెడ పట్టేయడం రెండోరోజు పొద్దున బండెక్కినప్పుడే బయటపడతాయి.

ర్యాలీ పదహారు వందల కిలోమీటర్ల దూరంలో ఉందనుకుందాం. రోజుకు నాలుగు వందల చొప్పున నాలుగు రోజులని లెక్క తేలినా, సమానంగా పంచకుండా మొదటిరోజు నాలుగు వందల యాభై, మధ్య రెండు రోజులూ నాలుగు వందలు, చివరిరోజు మూడు వందల యాభై పెట్టుకుంటే అలసట పెరిగేకొద్దీ దూరం తగ్గుతూ వస్తుంది, చివరిరోజు పొద్దున్నే బయలుదేరితే మధ్యాహ్నానికల్లా చేరుకోవచ్చు. దీనికి ఒక ఖాళీ రోజు తప్పనిసరిగా కలపాలి. ఆ రోజును దారిలో మూడు వంతులు దాటాక ఉంచుకోవడం మేలు, ఎందుకంటే అప్పటిదాకా జరిగిన ఏ ఆలస్యమైనా దానితో పూడుతుంది. ఆలస్యమే జరగకపోతే చేరే ముందు ఒకరోజు హాయిగా నిద్రపోవచ్చు. తిరుగు ప్రయాణానికీ ఇదే లెక్క వర్తిస్తుంది. వెళ్లేటప్పటి రోజులు జాగ్రత్తగా పంచుకుని, వచ్చేటప్పుడు మాత్రం సెలవు అయిపోతోందని మూడింట రెండు వంతుల రోజుల్లోనే ఇల్లు చేరాలని చూసేవారిని చాలామందిని చూశాను. సెలవు చిట్టీ రాసేటప్పుడే తిరుగు ప్రయాణపు ఖాళీ రోజును అందులో రాయండి.

చీకటి పడ్డాక నడపకూడదన్నది నేను సడలించని షరతు. దీనికి కారణం భయం కాదు, లెక్క. గంటకు తొంభై కిలోమీటర్ల వేగమంటే సెకనుకు ఇరవై అయిదు మీటర్లు. అడ్డం కనిపించి చెయ్యి బ్రేకు మీద పడేలోగా సెకనున్నర గడిస్తే ముప్ఫై ఏడు మీటర్లు పోతాయి. ఆ తర్వాత పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేసినా బండి నిలవడానికి ఇంకో నలభై అయిదు మీటర్లు కావాలి. మొత్తం ఎనభై మీటర్లు దాటింది. లో బీమ్ వెలుగు చాలా బళ్లలో యాభై, అరవై మీటర్లకు మించి స్పష్టంగా చూపదు. మిగిలిన దూరమంతా కనపడని దానిలోకి వెళ్లడమే. తడి రోడ్డు మీద ఈ తేడా ఇంకా పెరుగుతుంది.

పెట్రోలు విషయంలో ట్యాంకు పరిమాణాన్ని మైలేజీతో గుణించి వచ్చిన దూరాన్ని నమ్మకండి. సామాను బరువు, ఎదురుగాలి, నిలకడైన వేగం కలిసి మైలేజీని తినేస్తాయి. పదమూడు లీటర్ల ట్యాంకు, లీటరుకు ముప్ఫై మైలేజీ అంటే కాగితం మీద మూడు వందల తొంభై. రిజర్వును, నాలుగో వంతు తరుగును తీసేస్తే రెండు వందల యాభై దగ్గర ఆగి నింపుకోవడం సబబు. బంకులు దూరదూరంగా ఉండే ప్రాంతంలోనైతే సగం ట్యాంకుకే నింపుకోండి.

ఎప్పుడు, ఎక్కడ ఉండాలి

ర్యాలీ జరిగే నెలను బట్టే సన్నాహం మారుతుంది. స్టర్జిస్‌ది ఆగస్టు ఎండ. జర్మనీలో 1956లో మొదలైన ఎలిఫాంటెన్‌ట్రెఫెన్ అనే ర్యాలీకి మాత్రం రైడర్లు నడి శీతాకాలంలో వెళ్లి, బవేరియా అడవి ప్రాంతంలో మంచు మీద గుడారాలు వేసుకుంటారు. ఒకదానికి సిద్ధమైన రైడరు రెండోదానికి ఏమాత్రం సిద్ధంగా ఉండడు. కాబట్టి ర్యాలీ స్థలంలోనే కాకుండా దారి పొడవునా ఆ వారంలో సాధారణంగా ఎంత ఎండ, ఎంత చలి, ఎంత వాన ఉంటాయో చూసుకోండి. కొండదారి ఉంటే కింద ఉక్కపోతగా ఉన్నప్పుడే పైన వేళ్లు కొంకర్లు పోవచ్చు.

బస సంగతి తేదీ ప్రకటించిన వెంటనే తేల్చుకోవాలి. స్టర్జిస్ జనాభా ఏడు వేల చిల్లర. ర్యాలీకి వచ్చేవారు లక్షల్లో ఉంటారు. చిన్న సమ్మేళనాల్లోనూ దగ్గరలోని గదులన్నీ ముందే నిండిపోతాయి. నలభై, యాభై కిలోమీటర్ల దూరంలో గది తీసుకుని రోజూ వెళ్లి రావచ్చు గానీ, అప్పుడు ప్రతి సాయంత్రం చీకటి పడకముందే లేచి రావాలన్నది, మద్యం ముట్టకూడదన్నది కూడా గది తీసుకున్నప్పుడే నిర్ణయించుకోవాలి. మైదానంలో గుడారం వేసుకునేవారు సైడ్ స్టాండ్ కింద పెట్టడానికి అరచేతి వెడల్పు బిళ్ల ఒకటి తీసుకెళ్లాలి. రాత్రి వాన కురిస్తే మెత్తబడిన నేలలోకి స్టాండు అంగుళం అంగుళంగా దిగి, తెల్లారేసరికి బండి పక్క బండి మీద పడి ఉంటుంది.

బండి

అన్నిటికంటే ముందు టైర్లు. దూరప్రయాణంలో వెనక టైరు నడిమధ్య భాగం చదునుగా అరుగుతుంది. టైరు గాడిలో టీడబ్ల్యూఐ అనే అరుగుదల గుర్తుకు ఎదురుగా చిన్న గట్టు ఉంటుంది. అరుగుదల ఆ గట్టు ఎత్తుకు దిగితే టైరు పని అయిపోయినట్టే. అయితే ఇవాళ టైరు బాగుందా లేదా అన్నది అసలు ప్రశ్న కాదు, రానూపోనూ దూరం మొత్తం తిరిగి ఇల్లు చేరే రోజున, అది కూడా వానలో, ఎలా ఉంటుందన్నదే ప్రశ్న. ఆ రోజుకు అనుమానంగా ఉంటే బయలుదేరకముందే మార్చండి. కొత్త టైరు పైపొర నునుపుగా ఉంటుంది కాబట్టి మొదటి నూట యాభై కిలోమీటర్లు నెమ్మదిగా నడిపి, కొద్దికొద్దిగా వాల్చుతూ గరుకు చేసుకోవాలి. ఆ పని ప్రయాణం మొదటిరోజుకు పెట్టుకోవద్దు. టైరు పక్కగోడ మీద నాలుగంకెల ముద్ర ఉంటుంది. 2323 అని ఉంటే 2023లో ఇరవై మూడో వారంలో తయారైందని అర్థం. గాడి లోతుగా ఉన్నా ఏళ్లు గడిచిన రబ్బరు గట్టిపడి తడిలో పట్టు తప్పుతుంది. గాలి ఒత్తిడిని పొద్దున, బండి కదలకముందు, సామాను బరువుకు బండితో వచ్చిన పుస్తకంలో చెప్పిన అంకె ప్రకారం చూడాలి; నడిచి వేడెక్కిన టైరులో అంకె ఎక్కువ చూపిస్తుంది.

చైన్ దగ్గర కాస్త ఓపిక కావాలి. వెనక చక్రాన్ని చేత్తో తిప్పుతూ నాలుగైదు చోట్ల కింది వరసను వేలితో పైకీ కిందికీ ఆడించి చూస్తే, అన్నిచోట్లా ఒకేలా ఆడదు. బాగా బిగువుగా ఉన్న చోటును కనిపెట్టి, అక్కడ వదులు కొలవాలి. సాధారణ రోడ్డు బళ్లలో అది 25 నుంచి 35 మిల్లీమీటర్ల ప్రాంతంలో ఉంటుంది, ఖచ్చితమైన అంకె మీ బండి పుస్తకంలో చూసుకోండి. వెనక బరువు పడేకొద్దీ చైన్ ఇంకా బిగుస్తుంది కనుక సామాను కట్టాక, మనిషి కూర్చున్నాక మరోసారి చూడటం మరవకండి. వెనక స్ప్రాకెట్ (చైన్ తిరిగే పళ్ల చక్రం) చివరన చైన్‌ను పట్టుకుని వెనక్కి లాగినప్పుడు పన్ను సగం దాకా కనిపిస్తే, చైన్, స్ప్రాకెట్లు కలిపి మార్చాల్సిన సమయం వచ్చింది. దారిలో అయిదారు వందల కిలోమీటర్లకొకసారి, వానలో నడిస్తే ఆ రోజే, నూనె పట్టించండి. పొద్దున కాదు, సాయంత్రం ఆగిన వెంటనే. చైన్ వెచ్చగా ఉండగా నూనె లోపలికి దిగి, రాత్రంతా పట్టుకుని ఉంటుంది.

సర్వీసింగ్‌ను బయలుదేరే ముందురోజు చేయించడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. ఒకసారి నేనే చేశాను. సాయంత్రం బండి తెచ్చుకుని తెల్లవారుజామున బయలుదేరాను. నూట ఇరవై కిలోమీటర్ల తర్వాత ఆగి దిగినప్పుడు కుడి బూటు ముక్కు మీద నల్లటి మరక కనిపించింది. తుడిచి వాసన చూస్తే ఇంజన్ ఆయిల్. వంగి చూస్తే డ్రెయిన్ బోల్టు చుట్టూ తడి, అక్కడి నుంచి గాలికి వెనక్కి పాకిన సన్నటి చారలు వెనక టైరు అంచుకు నాలుగు వేళ్ల దూరంలో ఆగి ఉన్నాయి. మెకానిక్ బోల్టును చేత్తో పెట్టి, పానాతో బిగించడం మరిచిపోయాడు. ఇంకో మలుపులో ఆ చార టైరును చేరేది. అప్పటి నుంచి సర్వీసింగ్ రెండు వారాల ముందే చేయిస్తున్నాను. ఆ తర్వాత రెండు, మూడు వందల కిలోమీటర్లు తిప్పి, విప్పిన ప్రతి బోల్టును నా చేత్తో పరీక్షించుకుంటున్నాను. అదే సమయంలో బ్రేకు ప్యాడ్లు, బ్రేకు ఆయిల్, బ్యాటరీ కూడా చూసుకోవాలి; రాత్రంతా నిలిపి ఉంచిన బ్యాటరీ దాదాపు 12.6 వోల్టులు చూపించాలి, ఇంజన్ నడుస్తున్నప్పుడు పదమూడున్నరకూ పద్నాలుగున్నరకూ మధ్య ఉండాలి.

పనిముట్ల సంచిని ఊహతో నింపకండి. తీసుకెళ్లబోయే పానాలతోనే ఇంటి దగ్గర వెనక చక్రం విప్పి మళ్లీ బిగించండి. ఏది లేదో, ఏది అక్కర్లేదో ఆ గంటలో తెలిసిపోతుంది. ట్యూబ్‌లెస్ టైరుకు పంక్చర్ పుల్లలు, చిన్న గాలి పంపు చాలు. ట్యూబ్ టైరుకు లీవర్లు, అదనపు ట్యూబు కావాలి, వాటిని వాడటం ముందే అలవాటై ఉండాలి. క్లచ్ కేబుల్‌ను అదనంగా ఒకటి, పాత కేబుల్ పక్కనే అదే దారిలో టేపుతో అంటించి ఉంచుకుంటే తెగినప్పుడు రెండు చివరలు మార్చుకుంటే సరిపోతుంది. ఫ్యూజులు, చైన్ లింకు, బల్బు, ప్లాస్టిక్ బిగింపు పట్టీలు, గట్టి టేపు గుప్పెడంత చోటులో పడతాయి.

సామాను, ఒళ్లు

బరువైనవి కిందుగా, బండి మధ్యకు దగ్గరగా, రెండు పక్కలా సమంగా ఉండాలి. వెనక సీటు చివరన ఎత్తుగా కట్టిన బరువు ముందు చక్రాన్ని తేలిక చేసి హ్యాండిల్‌ను ఊగిస్తుంది. పనిముట్లు, నీళ్లు కిందికి వెళ్లాలి, బట్టలు, పడక పైకి రావాలి. తాడు కొసలను వదిలేయకుండా ముడిలోకి దోపాలి, ఎందుకంటే గాలికి ఊగే కొస చైన్‌లోకి వెళ్తే చక్రం బిగుసుకుపోతుంది. కట్టడం అయ్యాక వెనక సస్పెన్షన్‌ను బరువుకు తగ్గట్టు బిగించి, సాయంత్రం ఒక గోడ ముందు నిలిపి హెడ్‌లైట్ చూడండి. వెనక కుంగిన బండి వెలుగు రోడ్డు మీద పడక ఎదుటివారి కళ్లలో పడుతుంది. వాన కోటు అన్నిటికంటే పైన ఉండాలి. లైసెన్సు, బండి కాగితాలు, బీమా నకళ్లను రెండు చోట్ల ఉంచండి. బ్లడ్ గ్రూపు, పడని మందులు, ఇంటివాళ్ల ఫోను నంబరు రాసిన చీటీని ఫోనులో కాకుండా జాకెట్ లోపలి జేబులో పెట్టుకోండి. దేశం దాటే ప్రయాణమైతే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్, అక్కడ చెల్లే బీమా ఉన్నాయో లేదో నెలల ముందే తేల్చుకోవాలి.

హ్యాండిల్‌కు తగిలించే ఫోను గురించి ఒక మాట. శక్తిమంతమైన మోటార్‌సైకిల్ ఇంజన్ల అదురు ఫోను కెమెరాను దెబ్బతీయవచ్చని ఆపిల్ సంస్థే 2021లో హెచ్చరించింది. అదురును మింగే బిగింపు వాడండి, లేదా దారిలోని ఊళ్ల పేర్లు, మలుపులు ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ట్యాంకు మీద అంటించుకుని ఫోనును జేబులో ఉంచండి. ఎండలో ఫోను వేడెక్కి ఆగిపోయినప్పుడు కూడా ఆ కాగితం పనిచేస్తుంది.

ఎండలో చాలామంది జాకెట్ జిప్పు తెరిచి నడుపుతారు. గాలి మన చర్మం కంటే చల్లగా ఉన్నంతవరకు అది సరైన పనే. ఉష్ణోగ్రత ముప్ఫై అయిదు డిగ్రీలు బాగా దాటాక మాత్రం వీచే గాలే ఒంటిని వేడెక్కిస్తుంది. చెమట పుట్టగానే ఆరిపోవడంతో చెమట పట్టడం లేదనిపిస్తుంది, ఒంట్లో నీరు పోతున్న సంగతి తెలియదు. అప్పుడు లోపలి చొక్కాను తడుపుకుని, జాకెట్ మూసి, గాలి కొద్దిగా ఆడేలా ఉంచుకోవాలి. వీపు మీద మోసే నీళ్ల సంచి గొట్టం నోటి దగ్గరే ఉంటే గుక్కగుక్కగా తాగుతాం. సీసా సంచిలో ఉంటే ఆగినప్పుడే గుర్తొస్తుంది. హెల్మెట్‌లో గాలి హోరు హైవే వేగంలో చెవులను దెబ్బతీసేంత ఉంటుంది, అలసటకూ అదొక పెద్ద కారణం. చట్టం ఒప్పుకునే చోట మెత్తటి ఇయర్ ప్లగ్‌లు పెట్టుకుని ఒకరోజు నడిపితే సాయంత్రానికి తేడా తెలుస్తుంది.

గంటన్నరకొకసారి, ఎక్కువలో ఎక్కువ రెండు గంటలకొకసారి దిగండి. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య శరీరం సహజంగానే మందగిస్తుంది కాబట్టి ఆ వేళకు రోజు దూరం పూర్తయ్యేలా చూసుకోవడం మంచిది. గత రెండు కిలోమీటర్లలో ఏం దాటొచ్చారో గుర్తురాకపోతే, అది ఆగమని శరీరం చెప్పిన మాట. ఇరవై నిమిషాలు కునుకు తీయండి, పాటలు పెట్టుకుని లాగించవద్దు.

నలుగురితో వెళ్లేటప్పుడు

అయిదారు బళ్లకు మించితే రెండు జట్లుగా విడిపోండి. దారి తెలిసినవారు ముందు, అనుభవమున్న మరొకరు చిట్టచివర ఉండాలి. కొత్తవారిని ముందు బండి వెనకే ఉంచితే వారి వేగమే జట్టు వేగమవుతుంది. తిన్నటి రోడ్డు మీద ఒకరు కుడికి, ఒకరు ఎడమకు ఒదిగి నడవండి. పక్క వరస బండికి ఒక సెకను, నేరుగా ముందున్న బండికి రెండు సెకన్ల ఎడం ఉండాలి. మలుపులు రాగానే ఒకరి వెనక ఒకరు వెళ్లాలి. ఎవరి ట్యాంకు చిన్నదో వారి లెక్కతోనే అందరూ ఆగాలి. రేపటి బస, మధ్యలో కలిసే చోటు ప్రతి ఒక్కరి జేబులో రాసి ఉంటే, సిగ్నల్ దగ్గర వెనకబడినవారు ఎర్ర దీపాన్ని దాటడానికి తెగించరు. ఈ మాటలన్నీ బయలుదేరే ముందే అందరూ కూర్చుని తేల్చుకోవాలి. రోడ్డు పక్కన హెల్మెట్లు పెట్టుకుని తేల్చుకునే విషయాలు కావివి.

చేరాక, తిరిగి వచ్చేటప్పుడు

ర్యాలీ గేటు దగ్గర వరస నడక వేగంతో కదులుతుంది. గాలితో చల్లబడే ఇంజన్లు అక్కడే మాడతాయి, క్లచ్ పట్టి పట్టి ప్లేట్లు వేడెక్కుతాయి. వరస ఆగినప్పుడల్లా ఇంజన్ ఆపేసి, అవసరమైతే బండిని తోసుకుంటూ వెళ్లండి. బండి నిలిపిన చోటును చుట్టుపక్కల గుర్తులతో సహా ఫోటో తీసుకోండి, వందల బళ్ల మధ్య రాత్రి వెతకడం తేలిక కాదు. పక్కవారి బండితో కలిపి గొలుసు వేయడం రెండింటికీ మేలు.

మద్యం తాగేవారు తిరుగు ప్రయాణపు ముందురాత్రి దాన్ని పూర్తిగా మానాలి. శరీరం గంటకు సుమారు ఒక పెగ్గు మేరకే మద్యాన్ని కరిగించగలదు. కాఫీ, చన్నీళ్ల స్నానం ఆ వేగాన్ని పెంచవు. అర్ధరాత్రి దాకా సాగిన విందు పొద్దున ఏడింటికి కూడా రక్తంలో ఉండవచ్చు. చివరిరోజు మధ్యాహ్నం అందరూ ఒక్కసారిగా రోడ్డెక్కుతారు కాబట్టి ఒక పూట ముందే కదలడం, లేదా మర్నాడు తెల్లవారాక నింపాదిగా బయలుదేరడం రెండూ మంచివే. బయలుదేరే ముందు చైన్, గాలి, బోల్టులు, సామాను తాళ్లను ఇంటి దగ్గర చూసుకున్నంత శ్రద్ధగా మళ్లీ చూడండి. ఇన్ని వందల కిలోమీటర్ల అదురుకు అద్దాలు, సైలెన్సర్ బిగింపులు వదులై ఉంటాయి.

ఇంటికి చేరాక బండిని వెంటనే కడగకండి. టార్చి పట్టుకుని కింద కూర్చుని, ఇంజన్ చుట్టూ, ఫోర్కుల మీద, వెనక చక్రం దగ్గర దుమ్ము ఎక్కడ తడిసి ముద్దగా అంటుకుందో చూడండి. నూనె కారిన చోటును ఆ దుమ్మే చూపిస్తుంది. కడిగేస్తే ఆ ఆధారం పోతుంది. దాన్నీ, ఏ రోజు ఎన్ని కిలోమీటర్లు నడిచారో, ఎక్కడ అనుకున్నదానికంటే ఎక్కువసేపు పట్టిందో, తీసుకెళ్లి ఒక్కసారీ వాడని వస్తువులేమిటో అన్నీ ఒక పుస్తకంలో ఆ రాత్రే రాసుకుని, బండిని మర్నాడు కడగండి.